ఆయిల్ నీళ్ళలోకి వచ్చిన దారి

చీమకుర్తి పక్కన రామతీర్థం క్వారీల్లో నల్లరాతి బెంచీలు మెట్లు మెట్లుగా భూమిలోకి దిగుతాయి. కోసిన రాయి మీద ఎండ పడితే బంగారు చుక్కలు మెరుస్తాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. వాటి మూలంగానే ఈ రాయి బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో దేశదేశాలకు వెళుతోంది. వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం దీన్ని గాబ్రో జాతి శిలల్లో చేరుస్తుంది. ఘనమీటరు రాయి దాదాపు 3 టన్నులు తూగుతుంది. ఇంత బరువైన రాయిని గుంత అడుగు నుంచి పైకి తెచ్చే బండి ఇంజన్ మీద ఎంత భారం పడుతుందో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

25 టన్నుల దిమ్మె, దాన్ని మోసే 12 టన్నుల బండి. రెండూ కలిసి 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావలసిన శక్తి 36 మెగాజౌళ్ళు. ఒక లీటరు డీజిల్‌లో ఉండే శక్తి కూడా ఇంచుమించు అంతే. అయితే డీజిల్ శక్తిలో 35 నుంచి 40 శాతమే పనిగా మారుతుంది. టైర్ల రాపిడినీ గేర్ల రాపిడినీ పక్కన పెట్టినా ఆ ఎత్తు ఎక్కేసరికి ఇంజన్ రెండున్నర లీటర్లకు పైనే తాగుతుంది. అందులో లీటరున్నరకు పైగా వేడి కిందే పోతుంది. ఆ వేడిలో సుమారు సగం పొగగొట్టం గుండా వెళ్ళిపోతుంది. మిగతా సగంలో ఎక్కువ భాగాన్ని రేడియేటరే బయటికి పంపాలి. ఆ సగం వేడితో 90 లీటర్ల చన్నీళ్ళను మరిగించవచ్చు. ఒక్క ట్రిప్పుకే ఇంత. పైగా గుంతలోంచి ఎక్కేటప్పుడు బండి నడక వేగంతో కదులుతుంది కాబట్టి ఎదురుగాలి రేడియేటర్‌కు సాయం చెయ్యదు. భారమంతా ఫ్యాన్ మీదే. వేసవిలో ఒంగోలు ప్రాంతంలో గాలి 44, 45 డిగ్రీలకు చేరుతుంది. రాతిపొడి రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుంటుంది. అందుకే ఇంజన్‌లోని ఆయిల్, నీళ్ళు ఒకదానిలో ఒకటి ఎలా కలుస్తాయో నేర్చుకోవడానికి చీమకుర్తి టిప్పర్ మంచి పాఠం.

ఇంజన్‌లో రెండు ద్రవాలు నిరంతరం తిరుగుతుంటాయి. ఒకటి ఇంజన్ ఆయిల్. కింద చాంబర్‌లోంచి పంపు దాన్ని లాగి ఫిల్టర్ గుండా క్రాంకు బేరింగులకు, క్యాం షాఫ్టుకు, టర్బోకు అందిస్తుంది. పెద్ద డీజిల్ ఇంజన్లలో పిస్టన్ల అడుగున సన్నని జెట్లతో ఆయిల్ చిమ్ముతుంది కూడా. రెండోది కూలెంట్. డ్రైవర్లు దాన్ని నీళ్ళు అనే అంటారు. నిజానికి అది నీళ్ళు, ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టకుండా కాపాడే మందులు కలిపిన ద్రవం. ఇది సిలిండర్ల చుట్టూ, వాటి పైమూత అయిన హెడ్డులో కవాటాల మధ్య తిరిగి వేడిని రేడియేటర్‌కు మోసుకుపోతుంది.

చీమకుర్తిలో మంచు పడదు, మరి గ్లైకాల్ ఎందుకు? చాలామంది బండి యజమానులు ఈ ప్రశ్నే వేసి బోరునీళ్ళు పోసుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు మరిగే స్థానంలో ఉంది. సగం నీళ్ళు, సగం గ్లైకాల్ కలిపిన ద్రవం మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత దాన్ని ఒక బార్ అదనపు ఒత్తిడిలో బిగించి ఉంచితే 125 డిగ్రీలు దాటేదాకా మరగదు. అచ్చం నీళ్ళయితే అదే మూత కింద 120 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్ళకు వేడిని మోసే సత్తా ఎక్కువే, ఆ మాట నిజం. కానీ బోరునీళ్ళలోని సున్నం సిలిండర్ చుట్టూ గారలా అంటుకుంటుంది, తుప్పు ఆయిల్ కూలర్ రేకును తొలుస్తుంది. ఆ రేకు గురించే ఇప్పుడు చెప్పుకోవాలి.

ఆయిల్, నీళ్ళు ఇంజన్ అంతటా పక్కపక్కనే నడుస్తాయి. మధ్యలో గోడలుంటాయి. ఆ గోడల్లో అన్నిటికంటే పలచనిది ఆయిల్ కూలర్. పిస్టన్ల కిందనుంచి, టర్బోలోంచి తిరిగొచ్చిన ఆయిల్ నీళ్ళకంటే వేడిగా ఉంటుంది. దాన్ని చల్లార్చడానికి పలచని లోహపు రేకులను దొంతరగా పేర్చి, ఒక ఖాళీలో ఆయిల్, పక్క ఖాళీలో నీళ్ళు పారేటట్టు చేస్తారు. రేకు ఎంత పలచగా ఉంటే వేడి అంత త్వరగా దాటుతుంది. తుప్పు పడితే చిల్లి కూడా అంతే త్వరగా పడుతుంది. రెండో చోటు హెడ్ గ్యాస్కెట్. బ్లాకుకీ హెడ్డుకీ మధ్య బిగించిన ఈ పట్టీలో మంట, ఆయిల్, నీళ్ళు మూడూ వేర్వేరు రంధ్రాల గుండా పోతాయి. మూడోది హెడ్డు లేదా బ్లాకు పోతపనిలో వచ్చే పగులు. నాలుగోది లైనర్, అంటే పిస్టన్ ఆడే గొట్టం. చాలా పెద్ద డీజిల్ ఇంజన్లలో లైనర్ బయటి గోడకు నీళ్ళు నేరుగా తగులుతాయి. పిస్టన్ కొట్టే దెబ్బలకు ఆ గోడ అదిరి నీళ్ళలో సన్నని ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా ఇనుము మీద ఒక చిన్న సుత్తి దెబ్బ. ఏళ్ళ తరబడి ఆ దెబ్బలు పడితే లైనర్‌కు సూదిమొనంత చిల్లి పడుతుంది. కూలెంట్‌లో కలిపే మందుల్లో కొన్ని లైనర్ మీద పొరలా నిలబడి ఈ నష్టాన్ని ఆపడానికే ఉన్నాయి. బోరునీళ్ళు పోసినవాళ్ళకు ఆ రక్షణ ఉండదు.

ఇప్పుడు షెడ్డులో జరిగే మాట. నీళ్ళ ట్యాంకు మూత తీస్తే మూతకు గోధుమరంగు జిడ్డు అంటుకుని ఉంటుంది. మెకానిక్ వేలితో తీసి చూపిస్తాడు. "అన్నా, హెడ్డు పోయింది, దించాల్సిందే" అంటాడు. యజమాని గుండె జారిపోతుంది. హెడ్డు దించడం, ఫేసింగ్ చేయించడం, గ్యాస్కెట్ కొనడం, బండి కొన్ని రోజులు నిలిచిపోవడం అన్నీ కళ్ళ ముందు తిరుగుతాయి. మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు. ఆయిల్ కూలర్ ఉన్న పెద్ద డీజిల్ ఇంజన్లో మాత్రం మొదట అనుమానించవలసింది హెడ్డును కాదని నా గట్టి అభిప్రాయం. హెడ్డు మీద చెయ్యి వెయ్యకముందే ఇంజన్ ఇచ్చే ఆధారాలు చాలా ఉంటాయి. వాటిని చదవడానికి ఒక్క సూత్రం చాలు. ద్రవమైనా వాయువైనా ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పారుతుంది.

ఇంజన్‌లో మూడు ఒత్తిళ్ళు ఉంటాయి. సిలిండర్‌లో మంట రేగే క్షణాన ఒత్తిడి ఇప్పటి డీజిల్ ఇంజన్లలో 150 బార్లు దాటుతుంది. వేడెక్కిన ఇంజన్ పని వేగంలో తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి 3 నుంచి 5 బార్లు. నీళ్ళ ఒత్తిడి మూత పట్టి ఉంచినంతే, అంటే ఒక బార్ అటూఇటూ. ఈ మూడంకెలు గుర్తుంటే రోగ నిర్ధారణలో సగం పని అయిపోయినట్టే. మంటకూ నీళ్ళకూ మధ్య దారి పడితే పొగ నీళ్ళలోకి దూరుతుంది. ట్యాంకులో బుడగలు వస్తాయి, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషాల్లోనే పైహోసు రాయిలా గట్టిపడుతుంది. ఆయిల్‌కూ నీళ్ళకూ మధ్య దారి పడితే ఇంజన్ తిరిగినంతసేపూ ఆయిల్ నీళ్ళలోకి పోతుంది, ఎందుకంటే ఆయిల్ ఒత్తిడిది పైచేయి.

ఇంజన్ ఆపగానే పరిస్థితి తిరగబడుతుంది. ఆయిల్ పంపు ఆగి ఆయిల్ ఒత్తిడి సున్నాకు పడిపోతుంది. నీళ్ళు మాత్రం ఇంకా వేడిగానే ఉండి మూత కింద ఒత్తిడి పట్టి ఉంటాయి. ఇంజన్ చల్లారేదాకా అదే దారిలో నీళ్ళు ఆయిల్‌లోకి దిగవచ్చు. అందువల్ల ఒకే చిల్లి రెండు రకాల మరకలూ వెయ్యగలదు. ఏ మరక ఎంత ఉందో చూస్తే చిల్లి గురించి చాలా తెలుస్తుంది. నీళ్ళ ట్యాంకు నిండా జిడ్డు, ఆయిల్ మట్టం చూసే గేజు కమ్మి మీద ఆయిల్ శుభ్రం, పైగా ఆయిల్ మట్టం తగ్గుతోంది, బుడగలు లేవు, పవర్ తగ్గలేదు. ఇవన్నీ కలిసి కనబడితే వేలు ఆయిల్ కూలర్ వైపే చూపిస్తుంది. గేజు కమ్మి మీద పాలిపోయిన ఆయిల్, ఆయిల్ మట్టం పెరుగుతోంది, నీళ్ళు తగ్గుతున్నాయి, ట్యాంకులో మాత్రం జిడ్డు లేదు. అప్పుడు లైనర్ చిల్లిని, లైనర్ అడుగున ఉండే రబ్బరు రింగులను అనుమానించాలి. అక్కడ ఆయిల్‌కు ఒత్తిడే ఉండదు కాబట్టి ప్రయాణం ఎప్పుడూ నీళ్ళ వైపు నుంచే.

ఇక్కడ ఒక జాగ్రత్త. గేజు కమ్మి మీద ఆయిల్ శుభ్రంగా కనిపించినంత మాత్రాన నీళ్ళు దిగలేదని తేల్చకూడదు. పనిచేసే ఇంజన్‌లో ఆయిల్ 100 డిగ్రీలు దాటుతుంది. కొద్దిగా దిగిన నీళ్ళు ఆవిరై బయటికి పోతాయి, గ్లైకాల్ మాత్రం వెనక మిగులుతుంది. అది ఆయిల్‌లో ఆమ్లాలుగా మారి బేరింగుల పైపూతను తింటుంది. కంటికి కనపడని ఈ జాడను ప్రయోగశాల పట్టుకుంటుంది. కూలెంట్ మందుల్లో సోడియం, పొటాషియం లవణాలుంటాయి. ఆయిల్‌లో అవి హఠాత్తుగా పెరిగాయంటే కూలెంట్ దిగినట్టే. అటునుంచి ఇటూ అంతే. ఆయిల్‌లో కలిపే మందుల్లో కాల్షియం, జింకు, ఫాస్ఫరస్ ఉంటాయి. నీళ్ళ మీద తేలిన జిడ్డులో అవి కనబడితే అది ఇంజన్ ఆయిలేననడానికి గట్టి ఆధారం. పెద్ద యంత్రాలు నడిపే కంపెనీలు ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒక చిన్న సీసా పరీక్షకు పంపడం వెనక కారణం ఇదే. ఒకటి రెండు టిప్పర్లున్న యజమానికి కూడా ఆ ఖర్చు ఇంజన్ ఖరీదు ముందు చాలా చిన్నది.

జిడ్డు గోధుమరంగులో ఎందుకుంటుంది? ఆయిల్, నీళ్ళు కలవవు కదా అని బడిలో చదువుకున్నాం. వాటంతట అవి కలవవు. వాటర్ పంపు రెక్కలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఆయిల్‌ను కంటికి కనపడనంత సన్నని బొట్లుగా చీలుస్తాయి. పెరుగు చిలికితే కవ్వం వెన్న బొట్లను ఒక్క ముద్దగా కూడగడుతుంది. పంపు చేసేది దానికి తలకిందులు పని. చీలిన బొట్లు మళ్ళీ ఒక్కటి కాకుండా ఆయిల్‌లోని మందులే అడ్డుపడతాయి. మసి, మురికి పేరుకోకుండా పట్టి ఉంచడానికి ఇంజన్ ఆయిల్‌లో సబ్బు స్వభావమున్న రసాయనాలు కలుపుతారు. వాటి అణువుకు ఒక కొస నీళ్ళను, మరో కొస నూనెను పట్టుకుంటుంది. ఆ బొట్ల మీద వెలుగు చెల్లాచెదరై ద్రవం పాలిపోయినట్టు తెల్లబారుతుంది. డీజిల్ మసి కలిసిన ఆయిల్ నల్లగా ఉంటుంది కాబట్టి రెండూ కలిసిన జిడ్డు గోధుమ, బూడిద రంగుల మధ్య తేలుతుంది. జిడ్డు గులాబీ రంగులో ఉంటే కథ వేరు. ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ ఎర్రగా ఉంటుంది. దాన్ని చల్లార్చే గొట్టాలు చాలా కార్లలో రేడియేటర్ పక్క ట్యాంకులోనే ఉంటాయి. అక్కడ చిల్లి పడితే ఇంజన్‌కు ఏ పాపమూ తెలియదు. కానీ గేరుబాక్సులోకి నీళ్ళు దిగి క్లచ్ ప్లేట్ల పైపూతను పాడుచేస్తాయి. అలాంటి బండిని ఇంకొక కిలోమీటరు కూడా నడపకూడదు.

ప్రొక్లెయిన్ల విషయంలో ఒక మాట చెప్పాలి. వాటిలో వందల లీటర్ల హైడ్రాలిక్ ఆయిల్ ఉంటుంది కాబట్టి నీళ్ళలో ఆయిల్ కనబడగానే డ్రైవర్ దాన్నే అనుమానిస్తాడు. చాలా ప్రొక్లెయిన్లలో హైడ్రాలిక్ ఆయిల్‌ను చల్లార్చేది గాలి. దాని కూలర్ రేడియేటర్ పక్కనే నిలబడి ఉంటుంది గానీ నీళ్ళతో దానికి సంబంధం ఉండదు.

గోధుమరంగు జిడ్డు అంతా ఆయిలే అనుకోవడం కూడా పొరపాటే. వేర్వేరు రకాల కూలెంట్లు కలిపితే వాటిలోని మందులు ఒకదానితో ఒకటి చర్య జరిపి బంకగా గడ్డకట్టవచ్చు. పచ్చది అయిపోయిందని ఎర్రది పోసేవాళ్ళకు ఈ ముప్పు ఉంది. అచ్చం నీళ్ళతో నడిచిన ఇంజన్లో తుప్పు రంగు బురద ఉంటుంది. రేడియేటర్ కారుతోందని పోసిన లీక్ ఆపే పొడి కూడా గోధుమరంగు ముద్దగా మిగులుతుంది. గతంలో ఎప్పుడో ఆయిల్ కలిస్తే మరమ్మతు చేసి, సరిగా కడగకుండా వదిలేస్తే పాత జిడ్డే కొత్తగా కనబడుతుంది. తెలియక ఎవరైనా నీళ్ళ ట్యాంకులో ఆయిల్ పోసి ఉండవచ్చు కూడా. ఆయిల్ పోసే మూత అడుగున కనిపించే పలచని మీగడలాంటి పొర కూడా చాలాసార్లు ఉత్త చెమ్మే. బండి వేడెక్కకుండా చిన్న దూరాలు తిరిగితే లోపలి ఆవిరి ఆ మూతకు తగిలి చల్లారుతుంది. ఒకసారి బాగా వేడెక్కేదాకా తిప్పితే అది పోతుంది.

వీటిని వేరుచెయ్యడానికి మొదటి పరికరం ఖాళీ గాజుసీసా. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత విప్పాలి. ఒత్తిడి కింద 110 డిగ్రీలున్న ద్రవం మూత తెరుచుకోగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగదన్నుతుంది. ఈ ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. చల్లారాక ట్యాంకు పైభాగం నుంచి కొంత ద్రవం సీసాలోకి తీసి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. ఆయిల్ సాంద్రత లీటరుకు 0.87 కిలో దగ్గర, కూలెంట్‌ది ఒక కిలోకు పైన. కాబట్టి ఆయిల్ ఉంటే తెల్లారేసరికి పైన పొరగానో మీగడలాగో తేలుతుంది. తుప్పు, పొడి, సున్నం అడుగుకు దిగుతాయి. బంకగా గడ్డకట్టిన కూలెంట్ నీళ్ళతో కడిగితే చాలావరకు పోతుంది. ఆయిల్ జారుతుంది, సబ్బు లేకుండా వదలదు. సీసా మీద తేదీ రాసి ఉంచుకుంటే తరవాత పోల్చుకోవచ్చు.

ఆయిల్‌లో నీళ్ళున్నాయా అని చూడటానికి షెడ్డులోనే చేసే పరీక్ష ఒకటుంది. 150 డిగ్రీల దగ్గర వేడిచేసిన ఇనుపరేకు మీద ఒక బొట్టు ఆయిల్ వేస్తే, వెయ్యిలో ఒక వంతు నీళ్ళున్నా చిటపటమంటుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, మంటకు దూరంగా చెయ్యాలి.

ఆ తరవాతది పొగ పరీక్ష. బ్రోమోథైమాల్ బ్లూ అనే నీలం ద్రావణం ఉన్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి, పైనుండే గాలిని దానిలోంచి లాగుతారు. మంటలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలోకి దూరుతుంటే ఆమ్లత్వం పెరిగి నీలం రంగు డీజిల్ ఇంజన్లో ఆకుపచ్చగా, పెట్రోలు ఇంజన్లో పసుపుగా మారుతుంది. రంగు మారితే హెడ్డు దించక తప్పదు. మారకపోతే మంట వైపు గోడ బహుశా గట్టిగానే ఉన్నట్టు. అప్పుడు మిగిలేది ఆయిల్‌కూ నీళ్ళకూ మధ్య గోడ ఒక్కటే. ఈ పరీక్షకు పట్టే సమయం పావుగంట. దీన్ని చెయ్యకుండా హెడ్డు దించడం అన్యాయమని నేను అనుకుంటాను.

తరవాత చెయ్యాల్సింది ఆయిల్ కూలర్‌ను విప్పి బయటికి తియ్యడం. చాలా టిప్పర్ ఇంజన్లలో అది బ్లాకు పక్కన ఒక మూత కింద ఉంటుంది. హెడ్డు దించే శ్రమలో ఇది కొద్ది భాగమే. కూలర్‌లో ఆయిల్ పోయే రంధ్రాలలో ఒకదాన్ని మూసి, రెండోదానికి గాలి గొట్టం బిగించి, తయారీదారు చెప్పిన ఒత్తిడి మించకుండా గాలి ఎక్కించి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో ముంచాలి. చిల్లి ఉంటే బుడగలు వరసగా పైకొస్తాయి. చల్లని కూలర్‌లో మూసుకుపోయి ఉండే సన్నని పగుళ్ళు వేడికి తెరుచుకుంటాయి కాబట్టి గోరువెచ్చని నీళ్ళే వాడాలి, కాసేపు ఓపిక పట్టి చూడాలి. బుడగలు రాకపోతే కూలర్ కింది రబ్బరు సీళ్ళనూ గ్యాస్కెట్‌నూ పరీక్షించాలి. అవి ఎండి పెళుసెక్కి ఉంటే దోషం అక్కడే ఉండవచ్చు. ఇవన్నీ దాటాకే హెడ్డు వంతు. హెడ్డు దించినప్పుడు కూడా గ్యాస్కెట్ మార్చేసి ఊరుకోకుండా సూటి పట్టీ పెట్టి వంకర చూడాలి. మిల్లీమీటరులో పదో వంతు వంకర కూడా చాలా ఇంజన్లకు ఎక్కువే. పగులు చూడటానికి సందుల్లోకి ఇంకే ఎర్రరంగు మందు పూసి తుడిచి, పైన తెల్లపొడి చల్లితే పగులు ఎర్రటి గీతగా బయటపడుతుంది.

అన్ని ఇంజన్లకూ ఈ వరస ఒకేలా ఉండదు. మిర్చి చేలలో, పత్తి చేలలో తిరిగే పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఆయిల్ కూలరే ఉండదు. అక్కడ నీళ్ళలో ఆయిల్ కనబడితే అనుమానం నేరుగా హెడ్ గ్యాస్కెట్ మీదికీ పగుళ్ళ మీదికీ పోతుంది. కొన్ని పెద్ద లారీల్లో గేరుబాక్సుకు బండి వేగం తగ్గించే రిటార్డర్ ఉంటుంది. దాని ఆయిల్‌ను కూడా ఇంజన్ నీళ్ళే చల్లారుస్తాయి కాబట్టి ఆ బండికి అనుమానితులు ఇద్దరు. మొదట బండి నిర్మాణం తెలుసుకుని తరవాత రోగం వెతకాలి.

స్పోర్ట్స్ కార్లు కూడా ఇదే పాఠం నేర్పాయి. 1982 నుంచి 1991 దాకా తయారైన పోర్షే 944 కార్లలో చాలావాటిలో ఆయిల్‌ను నీళ్ళతో చల్లార్చే కూలర్ ఇంజన్ పక్కనే బిగించి ఉంటుంది. ఏళ్ళు గడిచాక దాని సీళ్ళు గట్టిపడి ఆయిల్ నీళ్ళలోకి పోవడం ఆ కారు నడిపేవాళ్ళందరికీ తెలిసిన జబ్బు. ట్యాంకులో జిడ్డు చూసి హెడ్డు దించబోయేవాళ్ళను అనుభవమున్న మెకానిక్‌లు ఆపి ముందు ఆ సీళ్ళు మార్చమంటారు. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కథ దీనికి ఎదురు. అందులోని రోవర్ కె సిరీస్ ఇంజన్ చాలా తేలికైనది, హెడ్డును, బ్లాకును, అడుగు భాగాన్ని పొడవాటి బోల్టులు ఒక్కటిగా బిగించి ఉంచుతాయి. ఇంజన్లో తిరిగే నీళ్ళు తక్కువ. హెడ్డు కదలకుండా నిలబెట్టే ముక్కలు మొదట ప్లాస్టిక్‌వి ఉండేవి, తరవాత ఉక్కువి వాడారు. ఆ ఇంజన్లో అనుమానం మొదట హెడ్ గ్యాస్కెట్ మీదే పెట్టాలి. ఒకే లక్షణం, రెండు కార్లు, రెండు వేర్వేరు కారణాలు. స్పోర్ట్స్ కారు ఇంజన్ రేసు ట్రాక్ మీద చేసే శ్రమను చీమకుర్తి టిప్పర్ ప్రతి ట్రిప్పులోనూ గుంత ఎక్కుతూ చేస్తుంది. అందుకే ఆ పరీక్షలు ఇక్కడా పనికొస్తాయి.

ఆయిల్ కలిసిన నీళ్ళు ఇంజన్‌ను రెండు విధాలా చెరుపుతాయి. రేడియేటర్ గొట్టాల లోపల ఆయిల్ పొర అంటుకుంటుంది. ఆయిల్‌కు వేడిని దాటించే గుణం నీళ్ళలో నాలుగో వంతు కూడా లేదు. కాబట్టి ఫ్యాన్ ఎంత తిరిగినా ఇంజన్ హీటెక్కుతుంది, హీటెక్కితే హెడ్డు వంకరపోతుంది. ఆయిల్ కూలర్‌తో మొదలైన చిన్న జబ్బును పట్టించుకోకపోతే చివరికి నిజంగానే హెడ్డు పోతుంది. రెండోది రబ్బరు. నీళ్ళ హోసులు ఎక్కువగా ఇపిడిఎం అనే రబ్బరుతో చేస్తారు. అది వేడినీటికి చక్కగా తట్టుకుంటుంది, ఆయిల్‌కు మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది. పిండితే మెత్తగా లొంగిపోయే హోసులను తప్పకుండా మార్చాలి. లేకపోతే మరమ్మతు అయిన కొన్నాళ్ళకే గుంత మధ్యలో హోసు పగులుతుంది.

కడగడానికి కొందరు డీజిల్, పెట్రోలు వాడతారు. అది రబ్బరును మరింత చెరుపుతుంది, మంట ప్రమాదం కూడా. నురగ రాని డిటర్జెంట్ కలిపిన నీళ్ళు పోసి, థర్మోస్టాట్ తీసి, ఇంజన్ వేడెక్కేదాకా తిప్పి, చల్లారాక దించాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇలాగే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. చివర డిటర్జెంట్ జాడ లేకుండా ఉత్త నీళ్ళతో కడిగి, థర్మోస్టాట్ తిరిగి బిగించి, ఖనిజాలు తీసేసిన నీళ్ళతో కలిపిన కూలెంట్ నింపాలి.

దించిన ఆ జిడ్డు నీళ్ళను షెడ్డు వెనక కాలవలో వదలకండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పశువులు తాగితే మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతాయి. పెద్ద మనిషికి కూడా వంద మిల్లీలీటర్లు ప్రాణాంతకం కాగలవు. పిల్లలకు అందని చోట డబ్బాలో మూతపెట్టి ఉంచాలి. వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకే ఇవ్వాలి.

మరమ్మతు అయ్యాక కూడా కొన్నాళ్ళు ట్యాంకులో జిడ్డు కనబడుతుంది. మూలల్లో, హీటరు గొట్టాల్లో మిగిలిపోయింది మెల్లగా బయటికొస్తుంది కాబట్టి వెంటనే కంగారు పడనక్కరలేదు. వారానికోసారి చల్లని ఇంజన్ నుంచి సీసాలోకి అంతే కొలత ద్రవం తీసి, పైన తేలిన పొరను గీత పెట్టి కొలవండి. పొర వారం వారం తగ్గుతుంటే పాత జిడ్డు పోతున్నట్టు. ఒక్క వారం పెరిగినా దారి ఇంకా తెరిచే ఉంది. అప్పుడు ఆ సీసాలన్నీ పట్టుకుని షెడ్డుకు వెళ్ళండి. హెడ్డు మాట ఎత్తకముందే పొగ పరీక్ష చెయ్యమనీ, ఆయిల్ కూలర్‌ను మీ కళ్ళ ముందే నీళ్ళలో ముంచి చూపించమనీ అడగండి.